నేరం, జైలు, ఆ తర్వాత పరుగు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం లాంగ్ రన్ అయ్యాక టీ బండి దగ్గర నిలబడితే మాటలు ఎటెటో పోతాయి. ఒకసారి జైల్లో మారథాన్ పరిగెత్తే వాళ్ళ సంగతి చెప్పాను. అప్పటి నుంచి ప్రశ్నలు ఆగలేదు. కొన్ని ఆసక్తితో అడిగినవి, కొన్ని కోపంతో అడిగినవి. రెండు మూడు మాత్రం పక్కకు తీసుకెళ్ళి గొంతు తగ్గించి అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అన్నిటికీ ఇక్కడే జవాబు రాస్తున్నాను.

ఇది నిజంగా జరిగేదేనా, సినిమా కథా?

నిజమే. కాకపోతే మన దాకా వచ్చేసరికి కథ బాగా నున్నగా తయారవుతుంది. దొంగ జైలుకెళ్ళాడు, పరుగు మొదలుపెట్టాడు, మంచివాడైపోయాడు, అంతే. అసలు మనుషుల సంగతి చూస్తే ఆ మధ్యలో ఏళ్ళకేళ్ళు ఉంటాయి. నాకు బాగా తెలిసిన ఉదాహరణలు రెండు. ఒకటి ఇంగ్లండ్‌లో జాన్ మెకవోయ్ అనే మాజీ సాయుధ దోపిడీదారు. రెండోది కాలిఫోర్నియాలోని శాన్ క్వెంటిన్ జైల్లో నడుస్తున్న రన్నింగ్ క్లబ్. కింద ఎక్కువగా వీళ్ళ గురించే ఉంటుంది.

మెకవోయ్ ఎవరు? ఏం చేశాడు?

1983లో లండన్‌లో పుట్టాడు. కడుపులో ఉండగానే తండ్రి పోయాడు. అదే ఏడాది నవంబరులో హీత్రో విమానాశ్రయం దగ్గర బ్రింక్స్-మ్యాట్ గోదాములో 2.6 కోట్ల పౌండ్ల విలువైన సరుకు, ఎక్కువగా బంగారం, దోచుకెళ్ళారు. ఆ కేసులో 25 ఏళ్ళ శిక్ష పడ్డ మికీ మెకవోయ్ ఇతనికి చిన్నాన్న వరస. సవతి తండ్రి కూడా పేరుమోసిన దోపిడీదారే. మన దగ్గర ఇంటి పెద్ద ఏ పని చేస్తే పిల్లవాడికి ఆ పనే పెద్దదిగా కనబడుతుంది కదా, అక్కడా అంతే. పదహారేళ్ళకే తుపాకీ కొన్నాడు. పద్దెనిమిదేళ్ళకు మొదటిసారి జైలుకెళ్ళాడు.

ఆ మొదటి జైలులోనే, సెల్లో ఒంటరిగా, పుషప్‌లు, బర్పీలు వందలకొద్దీ తీసేవాడు. చాలామంది ఈ ముక్క వదిలేసి చెబుతారు. నాకు మాత్రం కథలో ముఖ్యమైనది ఇదే. కసరత్తు అప్పటికే ఉంది, మార్పు మాత్రం లేదు. "మీరు నన్ను విరగ్గొట్టలేరు" అని జైలుకు చూపించడానికే ఒంటిని గట్టిపరుచుకున్నాడు. బయటికి వచ్చి మళ్ళీ అదే దారి పట్టాడు. 2005లో మళ్ళీ దొరికాడు. ఈసారి జీవిత ఖైదు, కనీసం ఐదేళ్ళు లోపలే. కొంతకాలం లండన్‌లోని బెల్మార్ష్ జైల్లో, అతి కట్టుదిట్టమైన విభాగంలో ఉంచారు.

2009లో దగ్గరి స్నేహితుడు నెదర్లాండ్స్‌లో ఒక దోపిడీ చేసి పారిపోతుండగా కారు ప్రమాదంలో చనిపోయాడు. ఆ వార్త జైల్లో ఉండగా తెలిసింది. ఈ దారిలో పోతే తనకూ ఇదే గతి అని అప్పుడు మొదటిసారి ఒంటికి తగిలిందంటాడు.

అప్పటికి అతను నాటింగ్‌హామ్‌షైర్‌లోని లౌడమ్ గ్రేంజ్ జైల్లో ఉన్నాడు. అక్కడి జిమ్‌లో ఒక ఖైదీ సేవా సంస్థకు విరాళాల కోసం రోయింగ్ మెషీన్ (కూర్చుని పడవ తెడ్డు వేసినట్టు లాగే యంత్రం) మీద పది లక్షల మీటర్లు లాగుతున్నాడు. తోటివాళ్ళతో కూర్చుని కాలం గడపడం తప్పించుకోవచ్చు కదా అని ఇతనూ మొదలుపెట్టాడు. జిమ్ చూసుకునే ఆఫీసర్ డారెన్ డేవిస్ స్క్రీన్ మీద అంకెలు చూసి ఆశ్చర్యపోయాడు. రికార్డుల జాబితా తెచ్చి చూపించాడు. ఆ తర్వాత లోపలి నుంచే ఇండోర్ రోయింగ్‌లో బ్రిటిష్ రికార్డులు, ప్రపంచ రికార్డులు బద్దలుకొట్టాడు. 2012లో విడుదలయ్యాడు. లండన్ రోయింగ్ క్లబ్‌లో చేరాడు. కానీ నీళ్ళ మీద పడవ నడిపే నైపుణ్యానికి ఆలస్యమైపోయింది. దాంతో ఈత, సైకిల్, పరుగు మూడూ కలిసిన ట్రయథ్లాన్ వైపు తిరిగాడు. అందులో ఐరన్‌మ్యాన్ అనే పోటీ అంటే 3.8 కిలోమీటర్లు ఈత, 180 కిలోమీటర్లు సైకిల్, ఆ పైన పూర్తి మారథాన్, అన్నీ ఒకే రోజు. కొన్నాళ్ళకు నైకీ సంస్థ స్పాన్సర్ చేసింది.

రికార్డు కొట్టే ఒళ్ళు అందరికీ ఉండదు కదా?

ఉండదు. మెకవోయ్ ఒంట్లో ఉన్న ఇంజిన్ వేరు, దాన్ని దాచిపెట్టి ఇది "ఎవరైనా చేయొచ్చు" అని చెబితే మోసమే. అందుకే నాకు శాన్ క్వెంటిన్ ఎక్కువ నచ్చుతుంది. అక్కడ పరిగెత్తేవాళ్ళలో చాలామంది మామూలు వేగంవాళ్ళే.

జైలు గోడల మధ్య మారథాన్ ఎలా పరిగెత్తుతారు?

గుండ్రంగా. శాన్ క్వెంటిన్ జైలు శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున ఉంది. 1852లో మొదలైంది. మరణశిక్ష పడ్డ మగ ఖైదీలను దశాబ్దాలపాటు ఉంచిన చోటు కూడా ఇదే. జైలు ఆవరణలో దిగువన ఉన్న మైదానం చుట్టూ 105 రౌండ్లు కొడితే 42.2 కిలోమీటర్లు. స్టేడియంలో ఉండే సింథటిక్ ట్రాక్ కాదు. కొంత సిమెంటు, కొంత మట్టి. మలుపులు సాఫీగా ఉండవు, గోడ మూల తిరిగినట్టు తిరగాలి. మైదానం మధ్యలో ఇతర ఖైదీలు బాస్కెట్‌బాల్ ఆడుతుంటారు, కొందరు కబుర్లు చెప్పుకుంటుంటారు. వాళ్ళలో ఒకరు అడ్డం రావచ్చు. వాలంటీర్లు కాగితాలు పట్టుకుని ఎవరెన్ని రౌండ్లు కొట్టారో గీతలు గీస్తుంటారు.

అన్నిటికన్నా కష్టం అలారం. జైల్లో ఎక్కడ గొడవైనా సైరన్ మోగుతుంది. మోగగానే ప్రతి ఖైదీ ఉన్నచోటే కింద కూర్చోవాలి. ముప్పయ్యో కిలోమీటరులో ఉన్నవాడైనా సరే. అంతా సర్దుకున్నాక లేచి మళ్ళీ మొదలుపెట్టాలి. మారథాన్ పరిగెత్తినవాళ్ళకు తెలుసు, ఆ దూరంలో ఒకసారి కూర్చుంటే పిక్కలు పట్టేస్తాయి, లేవడం నరకం. పొగమంచు దట్టంగా ఉన్న రోజున అసలు మైదానంలోకే వదలరు, కాపలావాళ్ళకు మనుషులు కనబడాలి కాబట్టి.

నేను స్టేడియంలో 25 రౌండ్లు వేస్తేనే, అంటే పది కిలోమీటర్లకే, విసుగొచ్చి పాటలు పెట్టుకుంటాను. 105 రౌండ్లు ఊహించుకోవడం నావల్ల కాదు.

ఆ క్లబ్ ఎవరు నడుపుతారు?

పేరు 1000 మైల్ క్లబ్. 2005లో మొదలైంది. ఆ చుట్టుపక్కల టమాల్పా రన్నర్స్ అనే పేరున్న పరుగుల సంఘం ఉంది. అందులోని ఫ్రాంక్ రువోనా అనే పెద్దాయన కోచ్‌గా వెళ్ళడం మొదలుపెట్టారు, ఏళ్ళ తరబడి వెళ్ళారు. జీతం లేదు. ఏడాది పొడవునా చిన్న దూరాల పందేలు పెట్టి, చివర్లో మారథాన్ పెట్టేవారు.

ఈ కోచ్ సంగతిని జనం పెద్దగా పట్టించుకోరు. మెకవోయ్‌కు డేవిస్, శాన్ క్వెంటిన్‌లో రువోనా. రెండు చోట్లా యంత్రమో ట్రాకో ముందే ఉంది. కొత్తగా వచ్చింది ఏమిటంటే, "వచ్చే వారం మళ్ళీ వస్తాను, నీ టైమ్ ఎంతో చూస్తాను" అని చెప్పి నిజంగా వచ్చిన మనిషి. జీవితంలో చాలామంది వస్తామని చెప్పి రానివాళ్ళే తగిలిన ఖైదీకి అది చిన్న విషయం కాదు. నన్నడిగితే పరుగు సగం పనే చేస్తుంది, మిగతా సగం ఆ వాచీ పట్టుకుని నిలబడ్డ మనిషిది.

దూరపు పరుగే ఎందుకు? కబడ్డీ, వాలీబాల్ పనికిరావా?

పనికొస్తాయి. జైళ్ళలో ఎక్కువగా ఆడేవి కూడా అవే. కానీ దూరపు ఆటల స్వభావం వేరు. జైల్లో దేనికి లోటున్నా కాలానికి లోటుండదు, ఈ ఆటలకు కావలసింది అదే. ప్రత్యర్థి అక్కర్లేదు, కాబట్టి గొడవకు అవకాశం తక్కువ. రెండో సంగతి, దోపిడీలో డబ్బు పది నిమిషాల్లో వస్తుంది. మారథాన్‌కు ఒక మాదిరిగా తయారవ్వాలన్నా నాలుగైదు నెలలు, అందులో ఏ ఒక్క రోజూ పెద్దగా ఏమీ జరిగినట్టు అనిపించదు. రోజూ కొంచెం చేసి, ఫలితం కోసం నెలలు ఆగడం. త్వరగా వచ్చేదానికి అలవాటు పడ్డవాడికి ఇది పూర్తిగా ఎదురు అలవాటు.

మూడోది, మెషీన్ స్క్రీనుకి, స్టాప్‌వాచీకి నీ పేరు తెలియదు, నీ కేసు నంబరూ తెలియదు. నిన్న 52 నిమిషాలు, ఇవాళ 51. అది నువ్వు సంపాదించిన నిమిషం, ఎవరూ కాదనలేరు.

మార్కెల్ టేలర్ పేరు వింటుంటాం. ఆయన సంగతేంటి?

శాన్ క్వెంటిన్ క్లబ్‌లో అందరికన్నా వేగంగా పరిగెత్తినవాడు. దాదాపు 18 ఏళ్ళు జైల్లో ఉన్నాడు. విడుదల కోసం పెట్టుకున్న అర్జీ తిరస్కరించారని తోటి ఖైదీ ఒకతను ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాతే టేలర్ పరుగు మొదలుపెట్టాడు. 2019 మార్చిలో పెరోల్ మీద బయటికొచ్చాడు. ఏప్రిల్ 15న బోస్టన్ మారథాన్ పరిగెత్తాడు, 3 గంటల 3 నిమిషాల 52 సెకన్లలో. అప్పటికి ఆయన వయసు 46. రోజూ పరిగెత్తే మా గ్రూపులో ఆ టైమ్ చేరినవాడు ఒక్కడూ లేడు. 105 రౌండ్ల మైదానం నుంచి వచ్చి, రోడ్డుకు రెండు పక్కలా జనం అరుస్తున్న చోట తిన్నగా పరిగెత్తడం ఎలా ఉండి ఉంటుందో!

ఇంతకీ ఆయన చేసిన నేరం ఏమిటి? ఎవరూ చెప్పరే?

చెప్పాలి. గర్భంతో ఉన్న తన సహచరిని కొట్టాడు. బిడ్డ నెలలు నిండకుండా పుట్టి, తర్వాత చనిపోయింది. ఇది చదివాక పైనున్న 3:03:52 కొంచెం చేదుగా అనిపిస్తే, అనిపించాలి.

అలాంటివాళ్ళకు చప్పట్లు కొట్టడం తప్పు కాదా? బాధితుల మాటేమిటి?

కోపంగా అడిగిన ప్రశ్న ఇదే. అడిగినామె కోపం న్యాయమైనదే. పరుగు నేరాన్ని కడగదు. ఎన్ని కిలోమీటర్లు పరిగెత్తినా ఆ బిడ్డ తిరిగి రాదు, మెకవోయ్ తుపాకీ చూపించినప్పుడు వణికిన మనిషి నిద్ర తిరిగి రాదు. మెడల్ మెడలో వేసుకున్న ఫొటో ఆ ఇంటివాళ్ళ ఫోన్లోకి కూడా వస్తుంది, దాన్ని వాళ్ళు ఎలా చూస్తారో మనం ఊహించలేం. క్షమించాలా వద్దా అన్నది వాళ్ళ హక్కు. టీ బండి దగ్గర నిలబడి వాళ్ళ తరఫున మనం క్షమించేయడానికి లేదు.

కానీ శిక్షలు పడ్డవాళ్ళలో ఎక్కువమంది ఏదో ఒక రోజు బయటికొస్తారు, మన వీధిలోనే ఉంటారు. వాళ్ళు ఎలాంటి మనుషులై వస్తే మనకు మంచిదన్నది వేరే ప్రశ్న. నేను చప్పట్లు కొడితే ఆ రెండో ప్రశ్నకే కొడతాను. ఈ రెండిటినీ కలిపేసి "పాపం పరిగెత్తి కడిగేసుకున్నాడు" అని రాసే కథనాలు చూస్తే నాకూ చిరాకే.

పరిగెత్తేవాడు మళ్ళీ తప్పు చేయడని గ్యారంటీ ఉందా?

లేదు. పాన్ సింగ్ తోమర్ స్టీపుల్‌చేజ్‌లో, అంటే అడ్డంకులు దూకుతూ పరిగెత్తే పందెంలో, జాతీయ చాంపియన్, సైన్యంలో పనిచేసినవాడు. ఊళ్ళో భూమి తగాదాతో చంబల్ లోయలో బందిపోటయ్యాడు, 1981లో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అక్కడ కథ మొత్తం తలకిందులు, ట్రాక్ ముందు, తుపాకీ తర్వాత.

అమెరికాలో చార్లీ ఎంగిల్ ఉన్నాడు. డ్రగ్స్ నుంచి బయటపడి పరుగును పట్టుకున్నాడు. 2006-07లో ఇంకో ఇద్దరితో కలిసి సహారా ఎడారిని 111 రోజుల్లో కాలినడకన, పరుగున దాటాడు. తర్వాత ఇంటి లోన్ మోసం కేసులో దోషిగా తేలి జైలుకెళ్ళాడు. తాను తప్పు చేయలేదంటాడు. జైల్లో ఉండి డెత్ వ్యాలీ దగ్గర జరిగే బ్యాడ్‌వాటర్ పరుగుకు వెళ్ళలేకపోయాడు కాబట్టి, జైలు మైదానంలోని మట్టి ట్రాక్ మీదే ఆ 135 మైళ్ళూ పరిగెత్తాడు, 540 రౌండ్లు. సహారా దాటిన కాళ్ళు కోర్టు కేసు నుంచి కాపాడలేదు. కానీ లోపల పిచ్చెక్కకుండా కాపాడాయి.

ఇంకో సంగతి. జైలు క్లబ్బుల్లో చేరినవాళ్ళు బాగుపడ్డారని అంటే, అసలు చేరేవాళ్ళే మారాలని ముందే అనుకున్నవాళ్ళు కావచ్చు. పరుగు మార్చిందా, మారదలచినవాడు పరుగు ఎంచుకున్నాడా అన్నది విడదీసి చెప్పడం కష్టం.

మన దగ్గర ఇలాంటి ఉదాహరణ ఉందా?

సికింద్రాబాద్‌లోనే ఉంది. మిల్ఖా సింగ్ దేశవిభజనలో తల్లిదండ్రులను పోగొట్టుకుని ఢిల్లీ చేరాడు. టికెట్ లేకుండా రైలెక్కినందుకు తీహార్ జైల్లో పెట్టారు. అక్క నగలు అమ్మి విడిపించింది. విసిగిపోయి బందిపోటు అవుదామని కూడా అనుకున్నాడు. అన్న మాట మీద సైన్యంలో చేరడానికి వెళ్తే మూడుసార్లు తిప్పి పంపారు. 1951లో నాలుగోసారి తీసుకుని సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్‌లో (సైన్యంలోని ఇంజినీరింగ్ విభాగం శిక్షణ కేంద్రం) వేశారు. అక్కడ కొత్త రిక్రూట్లందరికీ తప్పనిసరిగా పెట్టిన క్రాస్ కంట్రీ పరుగులో ఆరోవాడిగా వచ్చాడు. అక్కడ మొదలైంది. 1958 కార్డిఫ్ కామన్వెల్త్ క్రీడల్లో బంగారు పతకం, 1960 రోమ్‌ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. తర్వాత పరిగెత్తింది 400 మీటర్లు, అది దూరపు పరుగు కాదని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను. టికెట్ లేని ప్రయాణాన్నీ దోపిడీనీ ఒకే గాటన కట్టలేమన్నదీ నిజమే. కానీ సికింద్రాబాద్‌లో తిరుమలగిరి వైపు వెళ్ళినప్పుడల్లా నాకు ఆ ఆరో స్థానమే గుర్తొస్తుంది.

ఇప్పటి సంగతికొస్తే, తెలంగాణ జైళ్ళ శాఖ నడిపే పెట్రోల్ బంకుల్లో ఖైదీలు, విడుదలైనవాళ్ళు పనిచేస్తారు. చంచల్‌గూడ దగ్గర చాలామంది చూసే ఉంటారు. ఇండియన్ ఆయిల్ 2021లో దేశంలోని కొన్ని జైళ్ళలో ఖైదీలకు ఆటల శిక్షణ మొదలుపెట్టింది. నా ఉద్దేశంలో మన జైళ్ళకు ముందుగా కావలసింది ట్రాక్ కాదు, వారం వారం వచ్చే రువోనా లాంటి మనిషి.

బ్రిటన్‌లో జైల్లో వారం వారం పరుగు ఉంటుందట?

ఉంది. ప్రతి శనివారం పార్కుల్లో ఉచితంగా 5 కిలోమీటర్లు పరిగెత్తే పార్క్‌రన్ ఉద్యమం 2004లో లండన్‌లో 13 మందితో మొదలైంది. 2017 నవంబరులో కంబ్రియాలోని హావరిగ్ జైల్లో కూడా అలాంటిదే పెట్టారు. ఇందులో తెలివైన పని ఏమిటంటే, లోపల అలవాటైన అదే పరుగు, అదే దూరం, అదే శనివారం బయట కూడా ఉంటుంది. విడుదలైనవాడు కొత్త ఊళ్ళో శనివారం పొద్దున ఎక్కడికి వెళ్ళాలో వెతుక్కోనక్కర్లేదు.

మా ఇంట్లో ఒకరు ఈ మధ్యే బయటికొచ్చారు. పరిగెత్తమని చెప్పొచ్చా?

గొంతు తగ్గించి అడిగింది దీన్నే. చెప్పొచ్చు, కానీ ఒక్కసారే. రోజూ చెబితే అది ఇంకో శిక్ష అవుతుంది. చెప్పేకన్నా, "పొద్దున్నే నేను నడకకు వెళ్తున్నా, వస్తావా అన్నా" అనడం నయం.

ముందు డాక్టరుకు చూపించండి. బీపీ, షుగర్, గుండె. దగ్గు పట్టుకుని వదలకపోతే టీబీ పరీక్ష తప్పనిసరి, కిక్కిరిసిన జైళ్ళలో అది త్వరగా పాకుతుంది. మొదటి నెల నడకే. తర్వాత రెండు నిమిషాలు పరుగు, రెండు నిమిషాలు నడక. వారానికి మూడు రోజులు చాలు. పక్కవాడితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా పరిగెత్తాలి. లోపల బలంగా కసరత్తు చేసినవాళ్ళు ఇక్కడే దెబ్బతింటారు. గుండె సిద్ధంగా ఉంటుంది, మోకాళ్ళు, మడమలు సిద్ధంగా ఉండవు.

బెయిల్ మీదో పెరోల్ మీదో ఉంటే షరతులు చదువుకోండి. స్టేషన్‌కెళ్ళి సంతకం పెట్టాల్సిన రోజులు, ఊరు దాటడానికి అనుమతి. వైజాగ్ బీచ్‌లో పరిగెత్తాలనే సరదాకి పోయి షరతు తప్పితే మళ్ళీ మొదటికొస్తుంది. ఏదైనా అర్థం కాకపోతే లాయర్‌ని అడగండి, మాలాంటివాళ్ళను కాదు.

మనిషి రాత్రిళ్ళు నిద్రపోకుండా ఉన్నా, చనిపోవాలన్నట్టు మాట్లాడుతున్నా షూస్ కొనివ్వడం మందు కాదు. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి.

ఖర్చు?

మంచి షూస్ ఒక జత. అంతకుమించి ఏదైనా కొనమని ఎవరైనా చెబితే వాళ్ళు అమ్మకందారులై ఉంటారు.

రన్నింగ్ గ్రూపులో జైలు సంగతి చెప్పాలా?

చెప్పాలన్న రూలేం లేదు. రెండు మూడు నెలలు కలిసి పరిగెత్తాక, ఎవరితో చెప్పాలో తనకే తెలుస్తుంది. పక్కపక్కన పరిగెత్తుతూ మాట్లాడేటప్పుడు మొహం చూడనక్కర్లేదు కాబట్టి కొన్ని మాటలు తేలిగ్గా బయటికొస్తాయి. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. గ్రూపులో వేరేవాళ్ళకు తెలిస్తే అది వాట్సాప్‌లో పెట్టాల్సిన సమాచారం కాదు.

రేసు ఫారంలో కేసుల గురించి అడుగుతారా?

నేను నింపిన ఫారాల్లో ఎప్పుడూ అడగలేదు. వయసు, టీషర్ట్ సైజు, బ్లడ్ గ్రూపు, ఆరోగ్య సమస్యలు, అంతే. విదేశీ రేసులకు వీసా కావాలి, అక్కడ అడుగుతారు. అమెరికా వీసా ఫారంలో అరెస్టులు, శిక్షల గురించి నేరుగా ప్రశ్న ఉంది. అబద్ధం రాయకూడదు.

మామూలు ఫారంలో ఇబ్బంది పెట్టే గడి ఇంకొకటి ఉంది. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి అన్నది. పేరు, చుట్టరికం, నంబరు. ఇంటితో తెగిపోయి వచ్చినవాళ్ళు ఈ గడి దగ్గరే ఆగిపోయి ఫారం మూసేస్తారు. చుట్టరికం అన్నచోట "స్నేహితుడు" అని రాసినా చెల్లుతుంది. కూడా పరిగెత్తేవాడి నంబరు రాయండి, ముందు అతన్ని అడిగి.